విశాఖ పెరట్లో బ్రోకలీ: గింజ నుంచి పువ్వు దాకా

పువ్వు కట్టే రోజుల్లో బ్రోకలీకి చల్లదనం కావాలి. పగలు 20 డిగ్రీలు, రాత్రి 15 డిగ్రీల దగ్గర ఉంటే దానికి హాయి. విశాఖపట్నంలో అంత చలి నిలకడగా దొరకదు. డిసెంబరు మూడో వారం నుంచి జనవరి నెలాఖరు దాకా రాత్రి ఉష్ణోగ్రత 17 నుంచి 20 డిగ్రీల మధ్యకు దిగి, పగలు 28 డిగ్రీల చుట్టూ తిరిగే ఆ ఆరేడు వారాలే మన ఊళ్ళో దానికి దక్కే శీతకాలం. అందువల్ల మట్టి, ఎరువు, నీరు ఎంత బాగున్నా, పువ్వు తొడిగే సమయం సరిగ్గా ఆ ఆరేడు వారాల్లో పడేటట్టు చూసుకోవడమే ఈ పంటలో సగం పని. అరకు, పాడేరు, చింతపల్లి వైపు ఉన్నవారికి ఈ ఇబ్బంది తక్కువ కనుక, ఇక్కడ చెప్పే తేదీలు సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న మన నగరానికే వర్తిస్తాయి.

సంక్రాంతిని గురుతుగా పెట్టుకుని వెనక్కి లెక్కపెట్టండి. తొందరగా కాపుకొచ్చే రకాలు నారు నాటిన 60 నుంచి 75 రోజులకు పువ్వునిస్తాయి. సంక్రాంతికి 70 రోజులు వెనక్కి వెళితే నవంబరు మొదటి వారం వస్తుంది; అది నాటే సమయం. నారు ఎదగడానికి మరో నాలుగు వారాలు తీసివేస్తే అక్టోబరు మొదటి వారం, అంటే హస్త కార్తె నడిమి రోజులు తేలుతాయి. అదే గింజ వేసే సమయం. దసరానో దీపావళినో బట్టి విత్తే అలవాటు ఉన్నవారు దానిని పక్కన పెట్టడం మంచిది. ఆ పండుగలు తిథిని బట్టి వచ్చేవి కాబట్టి ఏటా మూడు నాలుగు వారాలు అటూ ఇటూ అవుతాయి. కార్తెలు సూర్యుణ్ణి అనుసరించేవి కాబట్టి తేదీ తప్పవు. మొదటి విడత వేసిన మూడు వారాలకు రెండో విడత వేసుకోవచ్చు కానీ, నవంబరు 10 దాటాక వేసిన గింజ ఆకుల మొక్కగానే మిగిలిపోవడానికి ఎక్కువ అవకాశం ఉంది.

ఇక గింజల ఎంపిక. బ్రోకలీ గింజ చూడడానికి అచ్చం ఆవగింజలా ఉంటుంది, ఆ రెండూ ఒకే కుటుంబానివి కూడా. గ్రాముకు దాదాపు 300 గింజలు తూగుతాయి కనుక ఇంటి అవసరానికి అతి చిన్న ప్యాకెట్టు కూడా ఎక్కువే. మన వాతావరణానికి వేడిని కొంత తట్టుకునే సంకర రకాలనే ఎంచుకోవాలి; గ్రీన్ మ్యాజిక్ అటువంటిదే. పూసా కేటీఎస్-1, పాలం సమృద్ధి వంటి సాధారణ రకాలు మంచివే అయినా అవి కొండ ప్రాంతాల చలిని దృష్టిలో పెట్టుకుని తయారుచేసినవి. ప్యాకెట్టు మీద రకం పేరుతో పాటు పరీక్షించిన తేదీ, గడువు తేదీ చూడండి. మన ఊరి గాలిలో తేమ ఎక్కువ కావడం వల్ల, తెరిచిన ప్యాకెట్టును బల్ల మీద వదిలేస్తే మరుసటి ఏడాదికి సగం గింజలు కూడా మొలవవు. మిగిలిన వాటిని గాలి చొరని సీసాలో వేసి ఫ్రిజ్‌లో పెడితే మూడేళ్ళ దాకా పనికొస్తాయి.

గింజల ద్వారా వచ్చే నల్లకుళ్ళు తెగులును అడ్డుకోవడానికి వేడినీటి శుద్ధి ఒకటుంది. గింజలను పలుచని గుడ్డలో మూటకట్టి, సరిగ్గా 50 డిగ్రీల వేడి ఉన్న నీటిలో 20 నిమిషాలు ఉంచి, వెంటనే చన్నీటిలో ముంచి ఆరబెట్టాలి. థర్మామీటరు లేకుండా వేలు ముంచి చూసి చేసేటట్లయితే ఈ పని మానుకోవడమే మేలు, ఎందుకంటే రెండు మూడు డిగ్రీలు పెరిగినా గింజలు ఉడికిపోతాయి. గులాబీ రంగు మందు పూసిన గింజలకు ఈ శుద్ధి అవసరం లేదు. వాటిని ముట్టుకున్న తరువాత చేతులు కడుక్కుంటే చాలు.

నారు పోయడం

అక్టోబరులో విశాఖ వాతావరణాన్ని నమ్మడానికి లేదు. హుద్‌హుద్ తుపాను నగరం మీద విరుచుకుపడింది 2014 అక్టోబరు 12న. అంత పెద్దది ప్రతి ఏడూ రాకపోయినా, ఆ నెలలో అల్పపీడనం పట్టి మూడు రోజులు ముసురు కమ్మడం మామూలే. కాబట్టి నేల మీద నారుమడి కట్టకుండా, చేత్తో ఎత్తి లోపల పెట్టుకోగలిగే ట్రేలో నారు పోయడం క్షేమం. 50 లేదా 98 గుంటల ప్లాస్టిక్ ట్రేలు నర్సరీ సామగ్రి అమ్మేచోట దొరుకుతాయి. దొరకకపోతే అడుగున రంధ్రాలు పెట్టిన టీ కప్పులు సరిపోతాయి.

రెండు పాళ్ళు కొబ్బరి పొట్టు, ఒక పాలు జల్లించిన వర్మీకంపోస్టు కలపండి. కొబ్బరి పొట్టును ముందుగా రెండు మూడు నీళ్ళలో కడిగి పిండాలి, లేకపోతే దానిలోని ఉప్పు లేత వేళ్ళను మాడుస్తుంది. మిశ్రమాన్ని గుప్పిట్లోకి తీసుకుని గట్టిగా పిండినప్పుడు వేళ్ళ సందుల్లో ఒకటి రెండు చుక్కలు మాత్రమే కనబడాలి. ధార కారితే తడి ఎక్కువైనట్టు, పిడికిలి విప్పగానే పొడిగా రాలిపోతే తక్కువైనట్టు. గుంటకు ఒక్క గింజ చొప్పున సెంటీమీటరు లోతున వేసి, పైన అదే మిశ్రమాన్ని పలుచగా చల్లి, జల్లెడ మూతి ఉన్న డబ్బాతో మెల్లగా నీళ్ళు పోయండి. అక్టోబరు వెచ్చదనానికి నాలుగైదు రోజుల్లో మొలకలు వస్తాయి.

మొలక మెడ వంచి పైకి లేచిన రోజునే ట్రేను నీడలోంచి వెలుతురులోకి మార్చాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. వరండాలో ఒక మూల, పగలంతా బాగానే వెలుతురున్నట్టు మనకు కనిపించే చోట, లేత మొక్క రెండు రోజుల్లోనే తెల్లని సన్నని కాడతో పొడవుగా సాగి పక్కకు వాలిపోతుంది. ఉదయపు ఎండ నేరుగా నాలుగు గంటలైనా తగిలే చోటు కావాలి. వర్షం వచ్చే సూచన ఉంటే ట్రే మీద రెండు ఇనుప తీగలను విల్లులా వంచి గుచ్చి, పారదర్శక ప్లాస్టిక్ షీటును పైన మాత్రమే కప్పి, పక్కలు గాలికి వదిలేయండి. నాలుగు వైపులా మూసేస్తే లోపల ఆవిరి పట్టి, మొలక మొదలు నల్లబడి కూలిపోయే నారుకుళ్ళు తెగులు ఒక్క రాత్రిలో ట్రే అంతా వ్యాపిస్తుంది. విత్తే మిశ్రమంలో ట్రైకోడెర్మా విరిడె (కుళ్ళును అణిచే మేలుచేసే శిలీంధ్రం) పొడి ఒక చెంచా కలపడం, పైపొర ఆరిన తరువాతే మళ్ళీ నీరు పోయడం దానికి ముందుజాగ్రత్తలు. ముసురు రోజుల్లో నత్తలు గోడ ఎక్కి వచ్చి మరీ లేత ఆకులను కొరికేస్తాయి కాబట్టి ట్రేను నేల మీద కాక బల్ల మీద పెట్టండి.

మొదట వచ్చే జంట ఆకులు గుండె ఆకారంలో ఉంటాయి. వాటి మధ్యలోంచి అంచులు వంకర తిరిగిన అసలు ఆకు వస్తుంది. రెండో అసలు ఆకు వచ్చాక వర్మీవాష్‌ను, అంటే వానపాముల ఎరువు తొట్టి నుంచి కారే ద్రవాన్ని, పదింతల నీటిలో కలిపి వారానికొకసారి పోస్తే సరిపోతుంది. నాటడానికి వారం ముందు నుంచి నీరు కొంచెం తగ్గించి, పూర్తి ఎండకు అలవాటు చేయాలి.

నాలుగైదు అసలు ఆకులు, 25 నుంచి 30 రోజుల వయసు: ఆ దశ దాటనివ్వకూడదు. ఒక ఏడాది నవంబరులో వానలు వెలియలేదని, మిద్దె మీద పని జరుగుతోందని సాకులు చెప్పుకుంటూ నేను నారును ఏడు వారాలు ట్రేలోనే ఉంచేశాను. నాటిన తరువాత మొక్కలు చూడడానికి బాగానే తేరుకున్నాయి కానీ, డిసెంబరు మధ్యలోనే ఒక్కొక్కటీ ఉసిరికాయంత పువ్వు పెట్టి అక్కడితో ఆగిపోయాయి. పన్నెండు మొక్కల పువ్వులన్నీ కలిపినా ఒక పూట కూరకు చాలలేదు. ఇరుకు గుంటలో వేళ్ళు చుట్టుకుపోయి, నత్రజని అందక ఆకలితో ఉన్న మొక్క తన ఎదుగుదల ముగిసిందని భావించి ముందే పువ్వు తొడుగుతుంది. ఆ తరువాత ఎంత ఎరువు వేసినా ఆ పువ్వు పెద్దది కాదు. పువ్వు పరిమాణాన్ని నిర్ణయించేది అది పుట్టకముందు మొక్క సంపాదించుకున్న ఆకులే కనుక, గింజ వేసిన రోజు నుంచి మొక్క ఏ దశలోనూ ఆగకుండా చూడాలి.

చోటు, మట్టి, నాటడం

మొక్కకు కనీసం ఆరు గంటల ఎండ తగలాలి. శీతకాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు కాబట్టి, వేసవిలో నిండా ఎండ పడే కుండీ డిసెంబరులో దక్షిణపు పిట్టగోడ నీడలో పడిపోవచ్చు. సింహాచలం కొండ వంటి వాటి పాదాల దగ్గర ఇళ్ళున్నవారికి సాయంత్రపు ఎండ త్వరగా పోతుంది కనుక తూర్పు వైపు చోటు చూసుకోవాలి. అక్టోబరులోనే ఎండను చూసి కుండీలు అమర్చేసి, తరువాత మొక్క ఎందుకు బలహీనంగా ఉందని ఆశ్చర్యపోవడం కంటే, పిట్టగోడకు ఐదారు అడుగుల ఎడం ఇవ్వడం తెలివైన పని.

పెరట్లో నేల ఉంటే మొక్కకూ మొక్కకూ 45 సెంటీమీటర్ల ఎడం ఉంచండి. మిద్దె మీద అయితే 15 అంగుళాల లోతు, 20 లీటర్ల మట్టి పట్టే గ్రో బ్యాగుకు ఒక్క మొక్క చాలు. చిన్నగా ఉందని రెండు పెట్టాలనిపిస్తుంది. రెండు నెలల తరువాత ఒక్క మొక్కే రెండడుగుల వెడల్పున ఆకులు పరుస్తుందని గుర్తు చేసుకోండి. మన వైపు ఎర్రమట్టి బ్రోకలీకి బాగానే సరిపోతుంది కానీ, దానిలో సారం తక్కువ, ఎండితే గట్టిపడుతుంది. అందుకని సగం ఎర్రమట్టి, పావు వంతు బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు, మిగిలిన పావు వంతు కొబ్బరి పొట్టు కలిపి, బ్యాగుకు ఒక పిడికెడు వేపపిండి చేర్చండి. పచ్చి పేడ వేయవద్దు. బీచ్‌కు దగ్గరగా ఇసుక నేలలు ఉన్నవారు ఎరువు పాలు ఇంకా పెంచుకోవాలి, లేకపోతే పోసిన నీరు, వేసిన సారం రెండూ కిందికి జారిపోతాయి.

తీరానికి దగ్గరగా ఉన్న ఇళ్ళలో చూసుకోవలసింది మరొకటి ఉంది. అక్కడి కొన్ని బోర్లలో నీరు ఉప్పగా ఉంటుంది. ఆ నీరు పోస్తున్న కుండీ అంచున కొన్నాళ్ళకు తెల్లని పొర కడుతుంది, ఆకుల అంచులు మాడినట్టు ఎండుతాయి. అటువంటప్పుడు కుళాయి నీరో, పట్టి ఉంచిన వాన నీరో వాడాలి. అది వీలుకాకపోతే పది పదిహేను రోజులకొకసారైనా మంచి నీటిని అడుగు రంధ్రాల్లోంచి ధారగా కారేదాకా పోసి ఉప్పును కడిగేయాలి.

నాటడం సాయంత్రం చేయండి. ట్రేను ఒక గంట ముందు తడిపి, గుంట అడుగు నొక్కితే మట్టిగడ్డ చెదరకుండా మొక్క బయటకు వస్తుంది. గుండె ఆకారపు జంట ఆకుల దాకా కాడను మట్టిలో పాతవచ్చు. కొంచెం సాగిన నారుకు ఇదే చికిత్స. మొదటి నాలుగు రోజులు మధ్యాహ్నం పూట పాత కొబ్బరి మట్టనో, నీడ వలనో అడ్డు పెట్టండి. తరువాత మొదలు చుట్టూ ఎండుగడ్డి లేదా ఎండుటాకులు రెండు అంగుళాల మందాన పరిస్తే, నవంబరు ఎండకు వేళ్ళు వేడెక్కకుండా ఉంటాయి. ఈశాన్యపు గాలి బలంగా తగిలే మేడల మీద, మూడు వారాల తరువాత మొదట్లోకి మట్టి ఎగదోసి, అవసరమైతే ఒక కర్ర పాతి వదులుగా కట్టాలి.

నీరు, ఎరువు

నేలలోని మొక్కలకు వారానికి చదరపు మీటరుకు 25 నుంచి 30 లీటర్ల నీరు సరిపోతుంది. గ్రో బ్యాగులో పెద్ద మొక్క రోజుకు లీటరున్నర దాకా తాగుతుంది. ఒక రోజు నిండా పోసి రెండు రోజులు మరిచిపోవడం కంటే, రోజూ కొంచెం తక్కువ పోయడం మంచిది. తడి, పొడి మారి మారి తగిలితే పువ్వు వదులుగా వస్తుంది.

నాటిన మూడు వారాలకు ఒకసారి, మార్గశిర గురువారాల నాటికి మరొకసారి బలం పెట్టాలి. నేను వాడేది వేరుశనగ చెక్క: 100 గ్రాముల చెక్కను లీటరు నీటిలో మూడు రోజులు నానబెట్టి, దానికి పదింతల నీరు కలిపి మొక్కకు లీటరు చొప్పున పోస్తాను. వాసన భరించలేనిది కాబట్టి డబ్బాకు మూత తప్పనిసరి, పక్కింటివారి కిటికీకి దూరంగా పెట్టడం మర్యాద. జీవామృతం చేసుకునే అలవాటున్నవారికి అదీ బాగానే పనిచేస్తుంది.

బ్రోకలీకి, కాలీఫ్లవరుకు బోరాన్ ధాతువు అవసరం మిగతా కూరగాయల కంటే ఎక్కువ. అది లోపిస్తే కాడ లోపల బోలుగా మారుతుంది, పువ్వు మీద గోధుమ రంగు మచ్చలు వస్తాయి. లీటరు నీటికి ఒక గ్రాము బోరాక్స్‌ను గోరువెచ్చని నీటిలో కరిగించి, నాటిన నెలకు ఒకసారి, మరో పదిహేను రోజులకు ఒకసారి ఆకుల మీద చల్లితే చాలు. ఎక్కువైతే విషమవుతుంది, కాబట్టి చేతి అంచనా వద్దు.

పురుగులు

ప్రతి మూడు రోజులకొకసారి ఉదయం ఆకు వెనక్కి తిప్పి చూడడం అలవాటు చేసుకోండి. ఆకు మీద గాజు కిటికీల్లా పలుచని పొర మాత్రమే మిగిలిన చిన్న చిన్న మచ్చలు కనిపిస్తే అది డైమండ్ రెక్కల పురుగు పని. వెనక వైపు ఈనె పక్కన సెంటీమీటరు కూడా లేని లేతాకుపచ్చ పురుగు ఉంటుంది. పుల్లతో తాకగానే వెనక్కి మెలికలు తిరిగి, సన్నని పట్టు దారం పట్టుకుని ఆకు నుంచి జారి గాలిలో వేలాడుతుంది, ప్రమాదం పోయిందనుకున్నాక ఆ దారం మీదే పైకి పాకుతుంది. వేలాడుతున్నప్పుడే పట్టుకోవడం సులువు. పొగాకు లద్దెపురుగు తీరు వేరు: అది గోధుమ రంగు నూగు కప్పిన గుడ్ల ముద్దను ఆకు వెనక పెడుతుంది, పిల్ల పురుగులు ఒకే ఆకు మీద గుంపుగా ఉండి దానిని జల్లెడ చేస్తాయి. ఆ ఒక్క ఆకును తుంచి సబ్బునీళ్ళలో పడేస్తే వందల పురుగులు ఒకేసారి పోతాయి. రెండు రోజులు ఆలస్యమైతే అవి మొక్కలన్నిటికీ చెదిరిపోతాయి.

మొక్కల చుట్టూ ఒక వరుస ఆవాలు చల్లితే డైమండ్ రెక్కల పురుగు ముందుగా ఆవ మొక్కల మీద గుడ్లు పెడుతుంది. బ్రోకలీ నాటడానికి పది పదిహేను రోజుల ముందే ఆవాలు వేయాలి. పురుగు ఎక్కువైతే బాసిల్లస్ తురింజియెన్సిస్ (లద్దెపురుగులను చంపే బ్యాక్టీరియా) పొడిని ప్యాకెట్టు మీది మోతాదులో కలిపి, ఎండ తగ్గాక ఆకుల వెనక తడిసేలా చల్లాలి. వేపనూనె అయితే లీటరుకు 5 మిల్లీలీటర్లు. ఇక్కడ ఒక చిక్కుంది: బ్రోకలీ ఆకు మీద తామరాకు మీద లాగానే మైనపు పూత ఉండడం వల్ల, చల్లిన నీరు ముత్యాల్లా దొర్లి కింద పడిపోతుంది. అందుకే మందులో చెంచాడు కుంకుడు రసం కలపాలి. కలిపి చల్లి చూడండి, నీరు బొట్లుగా నిలవకుండా ఆకంతా పలుచగా పరుచుకుంటే పని జరిగినట్టు.

జనవరిలో పేనుబంక వస్తుంది. అది పువ్వులోకి చేరకముందే నీటి ధారతో కడిగేయాలి, పువ్వు కట్టిన తరువాత నూనె మందులు దాని మీద పడనివ్వకూడదు. నల్ల చుక్కల ఎర్రని అక్షింతల పురుగులు కనబడితే వాటిని కదపవద్దు, పేనుబంకను తినేది అవే.

పువ్వు కోయడం

నడిమి లేత ఆకులను మెల్లగా విడదీసి చూస్తే ఒకనాడు లోపల రూపాయి బిళ్ళంత ఆకుపచ్చ బొడిపె కనిపిస్తుంది. అక్కడి నుంచి రెండు, రెండున్నర వారాల్లో అది కోతకు వస్తుంది. కాలీఫ్లవరుకు చేసినట్టు ఆకులను దగ్గరకు లాగి కట్టే పని దీనికి లేదు. తెల్లగా ఉండాలనే నియమం దానిదే, బ్రోకలీకి ఎండ తగలాలి.

మనం తినేది నిజానికి విచ్చని మొగ్గల గుత్తి. మొగ్గలు గసగసాల్లా బిగుతుగా ఉన్నంతకాలం ఆగవచ్చు. అవి ఆవగింజంత లావై, గుత్తి అంచులు విడివడడం మొదలైన ఉదయమే కోసేయాలి. బజారులో చూసినంత పరిమాణం కోసం ఎదురుచూడవద్దు. మన వేడికి పావు కిలో పువ్వు వస్తే మంచి పంటే. ఇంకొక్క రోజు చూద్దామని ఆగితే, మధ్యాహ్నం 30 డిగ్రీలు తాకిన రోజున సాయంత్రానికే పసుపు పూరేకులు తొంగిచూస్తాయి. పువ్వు మధ్యలోంచి చిన్న ఆకులు పొడుచుకు వచ్చినా అది వేడి వల్లే. తినడానికి దోషం లేదు.

ఎండ ఎక్కకముందు, పదునైన కత్తితో, 12 నుంచి 15 సెంటీమీటర్ల కాడతో కలిపి ఏటవాలుగా కోయండి. అడ్డంగా కోస్తే మోడు మీద మంచు నీరు నిలిచి కుళ్ళు పడుతుంది. కోసిన పువ్వును పావుగంట ఉప్పునీటిలో తలకిందులుగా ఉంచితే దాగిన పురుగులు బయటికి వస్తాయి. కాడను పారేయకండి: పైతొక్క చెక్కి ముక్కలు చేస్తే పెసరపప్పులో బాగుంటుంది, లేత ఆకులు ఆవ పెట్టిన కూరకు సరిపోతాయి.

మొక్కను పీకవద్దు. మరోసారి చెక్క నీరు పోసి వదిలేస్తే, పది పదిహేను రోజుల్లో ఆకుల మొదళ్ళ నుంచి పిలకలు వచ్చి నిమ్మకాయంత పువ్వులు పెడతాయి. అవి మూడు వారాల పాటు రెండు మూడు రోజులకొకసారి గుప్పెడు చొప్పున దొరుకుతాయి. శివరాత్రి దగ్గరపడేసరికి పిలకలు పువ్వు కట్టకుండానే పసుపు పూలకు తిరుగుతాయి, కాడ నారగా మారుతుంది. అప్పుడు మొక్కను వేళ్ళతో సహా తీసి కంపోస్టులో వేసి, నల్లకుళ్ళు సోకిన మొక్క అయితే బయట పారేసి, మట్టిని తిరగేసి వారం పాటు ఎండబెట్టండి. ఆ మట్టిలో వేసవికి తోటకూర, బెండ వేసుకోవచ్చు. క్యాబేజీ, ముల్లంగి, ఆవ మాత్రం వేయకూడదు. వచ్చే అక్టోబరులో బ్రోకలీని వేరే బ్యాగులకు మార్చుకోవాలి కాబట్టి, ఈసారి ఏ బ్యాగుల్లో వేశారో వాటి అంచుకు ఒక రంగు దారం కట్టి పెట్టుకోండి.